సర్వే అని చెప్పాను

నేనొక ఆట ఆడేవాణ్ణి. ఇప్పుడు ఆడటం లేదు. ఎందుకు మానేశావని అడిగినవాళ్ళకి "టైం దొరకట్లేదు" అని చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. ఈ వ్యాసమే ఒక అబద్ధం గురించి కాబట్టి, ఈ చిన్నదాన్ని ముందే ఒప్పేసుకుంటే మంచిదనిపించింది.

ఆట పేరు జియోకేషింగ్. ఒకరు ఒక డబ్బాని ఎక్కడో దాస్తారు. అందులో చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు, కీచైన్ల లాంటి చిల్లర సామాను ఉంటాయి. దాచిన చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు జి.పి.ఎస్. పట్టుకుని పోయి వెతుకుతారు. దొరికితే నోట్‌బుక్కులో పేరు, తేదీ రాసి, డబ్బాని ఉన్నచోటే ఉన్నట్టే పెట్టేసి వచ్చేస్తారు. బహుమతేమీ లేదు. చిన్నప్పటి దాగుడుమూతలే, కాకపోతే దాక్కునేది డబ్బా, వెతికేవాడికి సాయం పట్టేది ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు.

ఆట పుట్టిన తేదీ కూడా కచ్చితంగా తెలుసు. జి.పి.ఎస్. అమెరికా సైన్యం సొత్తు. మామూలు జనానికి అందే సంకేతంలో కావాలనే కొంత తప్పు కలిపేవారు. మీరున్న చోటుకీ, మిషను చూపించే చోటుకీ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. 2000 మే 1న ప్రెసిడెంట్ క్లింటన్ ఆ తప్పు కలపడం ఆపేస్తున్నామని ప్రకటించాడు. మే 3న, ఆరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర చెట్లలో, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టు దాచి, అంకెలు ఇంటర్నెట్‌లో రాశాడు. బకెట్టులో పుస్తకాలు, సాఫ్ట్‌వేరు, కాస్త డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా ఉన్నాయట. ఏదైనా తీసుకుంటే బదులు ఏదైనా పెట్టాలన్నది ఒక్కటే షరతు. సైన్యం తాళం తీసిన రెండో రోజే ఒక మనిషికి తట్టిన మొదటి పని ఆడుకోవడం! ఈ సంగతి తెలిసిన రోజు మనుషుల మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది. ఇప్పటికీ తగ్గలేదు. ఆట మీద నాకు కోపం లేదని చెప్పడానికే ఇదంతా.

నేను ఆట నేర్చుకున్నది కూడా అదే ఆరెగన్‌లో. 2017లో ఆఫీసు పని మీద పోర్ట్‌లండ్ దగ్గర ఏడాదిన్నర ఉన్నాను. పక్క సీటు అమెరికన్ ఒకాయన ఒక శనివారం సూపర్‌మార్కెట్ పార్కింగుకి తీసుకెళ్ళి, దీపస్తంభం అడుగున ఉండే రేకు తొడుగుని పైకెత్తాడు. లోపల మాత్రల సీసా అంత డబ్బా. ఆ పార్కింగులో నేను వారానికి రెండుసార్లు కారు పెట్టేవాణ్ణి. కాలి కింద ఒక రహస్యం ఉందని తెలిసిన ఆ క్షణం ఎట్లా ఉంటుందో చెప్పడం కష్టం. ఊరంతా ఉన్నట్టుండి రెండో పొర వేసుకున్నట్టు అయింది.

ఆటలో ఒక మాట ఉంది: మగుల్. హారీ పాటర్ కథల్లో మంత్రవిద్య తెలియని మామూలు మనుషుల్ని అట్లా అంటారు. జియోకేషింగులో ఆట తెలియని వాళ్ళందరూ మగుల్సే. వాళ్ళ కళ్ళబడకుండా డబ్బా తీయాలి, పెట్టాలి. చూస్తే ఎత్తుకుపోతారనో, పారేస్తారనో భయం. చూడకుండా పని కానివ్వడం ఒక నైపుణ్యం. ఆరితేరినవాళ్ళు ఇచ్చే సలహా ఒకటుంది: మెరిసే పట్టీల చొక్కా తొడుక్కుని, చేతిలో ఒక అట్ట, కాగితాలు పట్టుకుని తిరుగు, ఎవడూ అడగడు, పనివాడనుకుంటారు. విన్నప్పుడు భలే నవ్వుకున్నాను.

అక్కడే ఒకసారి, చీకటి పడే వేళ, పార్కులో బెంచీ కింద చెయ్యిపెట్టి తడుముతుంటే వెనక పోలీసు కారు ఆగింది. నా గుండె ఆగినంత పనైంది. మీసాలున్న గోధుమరంగు మనిషి, బెంచీ కింద చెయ్యి. "జియోకేషింగ్" అన్నాను, గొంతు సరిగా పెగల్లేదు. ఆ ఆఫీసరు "దొరికిందా?" అని నవ్వి వెళ్ళిపోయాడు. మర్నాడు మా అమెరికన్‌తో చెబితే ఆయన పడీపడీ నవ్వాడు, తనని ఇన్నేళ్ళలో ఎవరూ ఆపలేదన్నాడు. అక్కడి నల్లజాతి ఆటగాళ్ళు కొందరు ఇదే విషయం బాహాటంగా చెప్పారు: పొదల్లో తచ్చాడే తెల్లవాడు ఆటగాడిగా, నల్లవాడు దొంగగా కనబడతాడని. నాకు ఆ రోజు నిజం చెప్పడం పనికొచ్చింది. నిజం పనికిరావడానికి కూడా అవతలి మనిషికి ఆ మాట ముందే తెలిసి ఉండాలి. ఆ సంగతి అప్పుడు ఆలోచించలేదు.

*

2020 మార్చిలో లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బెంగుళూరు నుంచి తిరుపతికి వచ్చేశాను. రెండు వారాలనుకున్నది రెండేళ్ళయింది. కొండ మీద దర్శనాలు ఆగిపోయి, జూన్ దాకా అలిపిరి రోడ్డు బోసిపోయి ఉండేది. పుట్టి పెరిగిన ఊరిని అట్లా ఎప్పుడూ చూడలేదు. కొంచెం సడలించాక నాకూ, బెంగుళూరులో ఉన్న నలుగురైదుగురు స్నేహితులకీ ఈ పిచ్చి తిరగబెట్టింది. ఎక్కడికక్కడ డబ్బాలు దాచి అంకెలు మాలో మాకే పంచుకోవాలని అనుకున్నాం.

ఎక్కడ దాచాలి? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

అలిపిరి చుట్టుపక్కల దాచే మాటే లేదు. 2003 అక్టోబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద మందుపాతరలు పేలింది అక్కడే. ఆ ఊళ్ళో పెరిగినవాడెవడూ రోడ్డు పక్కన దిక్కులేని డబ్బాని వేడుకగా చూడడు. 2011లో ఇంగ్లండులోని వెదర్బీ అనే ఊళ్ళో ఒక జియోకేష్ డబ్బాని బాంబనుకుని నిపుణుల్ని పిలిపించి పేల్చేశారు. వాళ్ళ దగ్గరే అట్లా అయితే మన దగ్గర చెప్పాలా. చంద్రగిరి కోట పురావస్తు శాఖది. తలకోన, నాగలాపురం కొండలు రిజర్వు ఫారెస్టు.

ఇక శేషాచలం అడవి. అందులోకి ఊరికే పోవడం అనేది లేదు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి నాడు వేల మంది నడిచిపోయే దారిలో మిగతా రోజుల్లో అడుగుపెట్టడానికి వీల్లేదు. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున, శ్రీవారిమెట్టుకి దగ్గర్లోని ఆ అడవిలో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళు. ఎర్రచందనం కొట్టడానికొచ్చి తమ మీద రాళ్ళు, గొడ్డళ్ళతో దాడి చేశారని పోలీసులన్నారు. ముందే పట్టుకుని తెచ్చి కాల్చారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. ఆ వారం నేను తిరుపతిలోనే ఉన్నాను, పెళ్ళికొచ్చి. పెళ్ళిలో అందరూ ఓ ఐదు నిమిషాలు దాని గురించి మాట్లాడి భోజనాలకి లేచారు. నేనూ లేచాను.

చివరికి చంద్రగిరి మండలంలో ఒక ఊరి బయట, ఫారెస్టు హద్దుకి ఇవతల, బోడి గుట్ట మీద పాడుబడిన మండపం ఒకటి దొరికింది. ఊరి పేరు చెప్పను. గుట్ట మీద నుంచి చూస్తే ఉత్తరాన శేషాచలం గోడలా కనిపిస్తుంది. ఆట నియమాలన్నీ పాటించాను: నేల తవ్వలేదు, రాయి కదపలేదు, కట్టడం జోలికి పోలేదు. స్థలం సొంతదారుని అనుమతి తీసుకోవాలన్న నియమం ఒక్కటి దాటేశాను. అది గుట్ట పోరంబోకు. ఎవరిదీ కాదని, అంటే అందరిదీ అని, అంటే నాది కూడా అని నాకు నేను మూడు మెట్లలో తేల్చేసుకున్నాను. 2020 నవంబరులో, మా అమ్మ వాడకుండా అటక మీద పడేసిన స్టీలు టిఫిను డబ్బాలో నోట్‌బుక్కు, పెన్ను, రెండు కీచైన్లు వేసి ఒక బండ సందులో పెట్టాను.

జనవరి దాటాక, బెంగుళూరు నుంచి వచ్చిపోయిన ఇద్దరు స్నేహితులు డబ్బా దొరకలేదన్నారు. ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం మీటింగు క్యాన్సిల్ అయితే నేనే వెళ్ళాను. నిజంగానే లేదు. పసుపుపచ్చ గార్మిన్ మిషను చేతిలో పట్టుకుని, అంకెలు చూసుకుంటూ, వంగి బండల కింద చూస్తున్నాను.

"ఏం సార్, ఏందో ఎతకతా ఉండారే?"

డెబ్భయ్యేళ్ళు దాటిన మనిషి. చేతిలో దోటి, వెనక పది పదిహేను మేకలు. రాయలసీమలో పాత మండపం దగ్గర మిషను పట్టుకుని వంగి చూసేవాడు ఎవడో అందరికీ తెలుసు: గుప్తనిధుల కోసం వచ్చినవాడు. అర్ధరాత్రి పూజలు చేసి గుళ్ళు తవ్వేవాళ్ళ గురించి పేపర్లో ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఆయన నన్ను అదే అనుకుంటున్నాడని ఒక్క క్షణంలో అర్థమైంది. ఎట్లాగైనా ఆ అనుమానం తుడిచెయ్యాలి.

"సర్వే," అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, జి.పి.ఎస్. రోవర్లు పెట్టి ఊరూరా కొలుస్తారని రెండు నెలలుగా టీవీలో అదే పనిగా చెబుతున్నారు. నాకు తెలుసు. తెలిసే ఆ మాట వాడానా? అప్పుడు నాలుక కొసకి వచ్చింది వాడాను. కానీ అది నాలుక కొసన ఎందుకుందో తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

"మా ఊరికి ఇంకా రాలేదంటిరే."

"ముందు గుట్టలు చూస్తున్నాం."

ఆయన మేకల్ని అట్లే వదిలేసి, "రాండి సార్, మా చేను కూడా రాసుకోండి" అని ముందు నడిచాడు. వద్దనడానికి నోరు రాలేదు. గుట్టకి పడమటి పక్క ఎకరా చిల్లర. ఆయన తండ్రికి వచ్చిన డీకేటీ పట్టా. ఏడు తోతాపురి చెట్లు, మిగతాది వానపడితే చెనిక్కాయలు, లేకపోతే బీడు. చేను చివర ఒక చోట ఆగి దోటితో నేలమీద కొట్టాడు. "ఈడ రాయి ఉండె. ట్రాక్టరు తగిలి పూడ్సినారు. మా పక్కచేను ఆయప్ప ఇప్పుడు ఆ చింతచెట్టు కాడినించీ ఆయప్పదే అంటాడు. మీరు రాసుకోండి సార్, రాయి ఈణ్ణే ఉండె."

నేను ఆయన చూపించిన చోట నిలబడి 'మార్క్' మీట నొక్కాను. మిషను కూత పెట్టింది.

"పడిందా సార్?"

"పడింది."

"నా పేరు కూడా పడుతుందా?"

"తర్వాత పడుతుంది," అన్నాను.

*

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఇంజనీరు బుద్ధి. ఆటలో అంకెల్ని నిమిషంలో మూడు దశాంశాల దాకా రాస్తాం. చివరి అంకె ఒకటి మారితే నేల మీద 1.85 మీటర్లు. నా చేతి మిషను మంచి ఎండరోజున కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఆటకి అది చాలు, అసలు ఆ తేడాలోనే ఉంది ఆట, మిషను వదిలేసిన చోటి నుంచి కళ్ళు మొదలుపెట్టాలి. సర్వేవాళ్ళ రోవర్లు వేరు. అవి నేల మీద స్థిరంగా పెట్టిన స్టేషన్ల నుంచి సవరింపులు తీసుకుని సెంటీమీటర్లలో చెబుతాయి. ఐదు మీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తం గీస్తే దాదాపు రెండు సెంట్ల నేల వస్తుంది. ఆయనకీ పక్కచేనాయనకీ ఉన్న తగాదా ఎంతకని తర్వాత అడిగితే, రెండు సెంట్లో మూడో అన్నారు. నేను ఏది పొరపాటుగా తీసి పక్కన పెడతానో అది ఆయన చేను.

బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ఆటల మీద ఒక పుస్తకం రాశాడు, 'ది గ్రాస్‌హాపర్' అని. ఆట అంటే, అవసరం లేని అడ్డంకుల్ని మనంతట మనమే కోరి తెచ్చుకుని దాటడం అని ఆయన వాదన సారం. గోల్ఫ్ బంతిని చేత్తో తీసుకెళ్ళి గుంటలో వెయ్యొచ్చు, అట్లా వేస్తే ఆట కాదు. నాకు చాలా ఇష్టమైన పుస్తకం. అందులో నాయకుడు చీమ-మిడత కథలో మిడత. ఆడుకోవడమే బతుకుకి అర్థమని, చావబోతూ కూడా చెక్కుచెదరకుండా వాదిస్తాడు. ఆ వాదనని నేను ఇప్పటికీ ఓడించలేను. కాకపోతే ఆ పుస్తకంలో చీమ దోటి పట్టుకుని వచ్చి, ఏం ఎతకతా ఉండావని మిడతని అడగదు.

మన ఆటలో కోరి తెచ్చుకున్న అడ్డంకి ఏది? కొండ, ముళ్ళు, ఎండ. వీటితోపాటు మగుల్. ఒక మనిషిని అడ్డంకుల జాబితాలో చేర్చాం. కొండ తను అడ్డంకిగా ఉండటానికి ఒప్పుకోనక్కర్లేదు. మనిషి సంగతో? ఫుట్‌బాల్‌లో అవతలి జట్టువాడు నాకు అడ్డంకే, కానీ వాడు కూడా ఆడుతున్నాడు, వాణ్ణి బోల్తా కొట్టిస్తే అది మోసం కాదు. పేకాటలో లేని ముక్క ఉన్నట్టు నటించడం అబద్ధం కాదు. ఆట లోపల అందరూ ముందే ఒప్పుకున్న అబద్ధాలవి. మేకలు కాసుకునే ఆయన ఏదీ ఒప్పుకోలేదు. ఆయనకి ఆట ఉన్నట్టే తెలియదు. పైగా ఆ గుట్ట ఆయనది. పట్టా లేకపోవచ్చు, కానీ ఏ బండ కింద పాముంటుందో, ఏ సందులో వాననీళ్ళు నిలుస్తాయో ఆయనకి తెలుసు. ఆ చోటు గురించి అంతా తెలిసినవాణ్ణి, ఏమీ తెలియని మనిషి కింద లెక్కగట్టి పేరు పెట్టుకున్నాం.

ఈ మధ్య భారతం చదువుతుంటే విరాటపర్వంలో ఒకచోట ఆగిపోయాను. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాస్తారు. దసరా నాడు జమ్మి చుట్టూ తిరిగే మనందరికీ తెలిసిన కథే. నాకు గుర్తులేనిది తర్వాతది. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని చెట్టుకి కట్టి, అది నూట ఎనభై ఏళ్ళ తమ తల్లి అని, ఇట్లా కట్టడం తమ కులాచారమని చెప్పుకుంటూ పోతారు. ఎవరికి చెబుతారు? ఆవులు కాసేవాళ్ళకి, గొర్రెలు కాసేవాళ్ళకి. పక్కన ధర్మరాజు ఉన్నాడు. ద్రోణుడి దగ్గర చెప్పిన సగం అబద్ధానికి ఆయన్ని ఇన్ని వేల ఏళ్ళుగా నిలదీస్తున్నాం. జమ్మిచెట్టు దగ్గరి అబద్ధాన్ని ఎవరైనా అడిగినట్టు నేనెక్కడా చదవలేదు. విన్నవాళ్ళు గొల్లలు కావడం వల్లేమో. వాళ్ళకి బతుకు గండం ఉంది, దొరికిపోతే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. పైగా ఆ అబద్ధం కాపరులకి చేసిన చెరుపు ఏమీ లేదు, ఒక చెట్టుకి దూరంగా ఉండమంది. నా వెనక ఏ గండమూ లేదు. బుధవారం మధ్యాహ్నం ఒక మీటింగు క్యాన్సిల్ అయింది, అంతే.

*

ఆ తర్వాతి ఆదివారం నేనూ, బెంగుళూరు నుంచి వచ్చిన స్నేహితుడొకడూ వెళ్ళాం. డబ్బా దొరికింది. మేం పెట్టిన బండకి నాలుగడుగుల పైన, వాన పడని సందులో, చుట్టూ చిన్న రాళ్ళు పేర్చి, మేకలు రాకుండా ముందర కంప అడ్డం పెట్టి ఉంది. నా స్నేహితుడు "ఎవడ్రా ఇంత నీట్‌గా పెట్టింది" అన్నాడు.

గుట్ట దిగేసరికి కింద నలుగురున్నారు. పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పాస్‌బుక్కు. పక్కచేనాయన కూడా వచ్చాడు, కోపంగా. సర్వేకొచ్చిన సారు రాయి ఉన్న చోటే గుర్తు పెట్టుకుని పోయినాడని పెద్దాయన ఊళ్ళో చెప్పాడట. దాని మీద మూడు రోజులుగా మాటామాటా పెరిగి, ఇద్దరి కొడుకులూ చొక్కాలు పట్టుకునే దాకా వచ్చిందట. "నేను లేకుండా నా హద్దు ఎట్లా కొలుస్తావు?" అని పక్కచేనాయన నన్ను అడిగాడు. చాలా సరైన ప్రశ్న.

అప్పుడు చెప్పాను. సర్వే కాదు, గవర్నమెంటు కాదు, ఇది ఆట అని. డబ్బా మూత తీసి నోట్‌బుక్కు, కీచైన్లు చూపించాను.

పక్కచేనాయన గట్టిగా నవ్వాడు. ఆయన గెలిచాడు మరి. మిగతా ఇద్దరూ మమ్మల్ని పైకీ కిందకీ చూసి పక్కకి తప్పుకున్నారు. పెద్దాయన మాత్రం నా వైపు చూడలేదు, డబ్బాని చూస్తూ, "నేను సంక్రాంతప్పుడే చూసినా," అన్నాడు. "పుస్తకం ఉండాది, ఎవురిదో లెక్కలనుకోని, ఆడ నీళ్ళు పడతాయని ఈడ పెట్టినా. నువ్వు సర్వే అన్నాక, సరే, సర్వేవోళ్ళదే, ఎవురూ ముట్టుకోకూడదని రాళ్ళు పేర్చినా."

నేను బండల కింద వంగి వెతుకుతున్నప్పుడు, అది ఎక్కడుందో ఆయనకి తెలుసు. నేను నిజం చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో చూపించేవాడు. 'సార్' పోయి 'నువ్వు' అయింది, అది కూడా గమనించాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో నా స్నేహితుడు, "మొదట్లోనే ఆట అని చెప్పేస్తే అయిపోయేది కదరా," అన్నాడు. అవును. ఎందుకు చెప్పలేదు? మగుల్స్‌కి చెప్పకూడదన్నది ఆట నియమం అని నాకు నేను చాలా రోజులు సర్ది చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. నిధుల దొంగ అనుకుంటాడన్న భయం కూడా కొంతవరకే. నాకు సిగ్గేసింది. ముప్ఫై మూడేళ్ళవాణ్ణి, మిట్టమధ్యాహ్నం, జీతం వచ్చే పనివేళల్లో, డెబ్భయ్యేళ్ళ వయసులో మేకలు కాసుకునే మనిషి ముందు నిలబడి "ఆడుకుంటున్నాను" అనడానికి నోరు రాలేదు. ఆ సిగ్గుని దాచుకోవడానికి అధికారం వేషం వేసుకున్నాను. పూర్వం మెరిసే పట్టీల చొక్కా సలహా విని నవ్వానని చెప్పాను కదా. నాకు చొక్కా కూడా అక్కర్లేకపోయింది. ప్యాంటు, బూట్లు, మిషను, నా భాష, అవే చాలాయి. నేను ఆఫీసరునని చెబితే నమ్మడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు.

ఉత్తరాన కనిపించే ఆ కొండ గుర్తొచ్చేది ఇక్కడే. ఆ అడవిలో చనిపోయినవాళ్ళలో ఎవరు ఎందుకొచ్చారో తేల్చడానికి నేనెవణ్ణీ కాను. కానీ అదే కొండ కింద, సరైన కారణం లేకుండా తిరుగుతూ దొరికిపోయిన మనుషులు రెండు రకాలు. ఒక రకం మనిషి ఏ అబద్ధం చెప్పినా సార్ అంటారు. ఇంకో రకం మనిషి నిజమే చెప్పినా వినేవాడు ఉండాలి. ఆరెగన్‌లో పోలీసు కారు వెలుతురులో నిలబడిన పది సెకన్లు నేను ఆ రెండో వైపున ఉన్నాను. ఆ పది సెకన్ల గురించి నాకు పుట్టెడు జాలి ఉంది, స్నేహితులకి ఎన్నోసార్లు కథగా చెప్పాను. ఈ గుట్ట కథ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అయితే ఆటే తప్పా అంటే, కాదనే ఇప్పటికీ అనుకుంటాను. చంద్రగిరి పిల్లలు పది మంది కలిసి ఆ గుట్ట మీద డబ్బాలు దాచుకుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఊళ్ళో చెప్పి దాచొచ్చు. చెప్పి దాస్తే దాచడమేంటని నా స్నేహితుడు వాదిస్తాడు. వాడి మాటలో కొంత నిజముంది. నేను దానికి సమాధానం వెతకడం ఆపేశాను.

తర్వాతి శనివారం ఒక్కణ్ణే వెళ్ళాను, ఈసారి మిషను లేకుండా. ఆయన చేను దగ్గరే ఉన్నాడు. పాస్‌బుక్కులో సర్వే నంబరు చూసి, ఫోనులో మీభూమి సైటు తెరిచి ఆ నంబరు కొట్టాను. 1-బి వచ్చింది. పట్టాదారు గడిలో ఆయన పేరు లేదు. తండ్రి పేరే ఉంది. ఆయన తండ్రి పోయి పాతికేళ్ళు దాటిందట, పేరు మార్పించుకోవాలని ఎవరూ చెప్పలేదట, ఆయనా అడగలేదట. ఈలోపు రీసర్వేవాళ్ళు నిజంగా వస్తే ఏం జరుగుతుందో నాకూ సరిగా తెలియదు. సచివాలయానికి పోయి అర్జీ పెట్టాలని, ఏమేం కాగితాలు కావాలో కనుక్కుని రాసి తెస్తానని చెప్పాను. ఆయన నమ్మాడో లేదో.

"మా నాయన పేరు ఇంగోసారి సదువు," అన్నాడు.

చదివాను. ఇంటిపేరుతో సహా. ఆయన తల ఊపి, స్క్రీను మీద ఆ గడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాడు. చూపించాను. పక్కనున్న అంకెలేందని అడిగితే విస్తీర్ణమని చెప్పాను. అవి కూడా రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, "ఆ డబ్బా మీకు కావల్లనా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. "మూత బిర్రుగా ఉండాది. సంగటి పెట్టుకోను బాగుంటాది," అని దోటి తీసుకుని మేకల వైపు పోయాడు.